720720తో మొదలుపెట్టండి

పోటీ పరీక్షల లెక్కల్లో నంబర్ సిస్టమ్ (సంఖ్యల అధ్యాయం) అనగానే ఫార్ములాల షీట్ ముందేసుకుని బట్టీ కొట్టేవాళ్లే ఎక్కువ. నాకు అది ఎక్కలేదు. అందుకే ఒక్క పెద్ద సంఖ్యను పట్టుకుని, దాన్నుంచి ఎన్ని ప్రశ్నలు వస్తాయో అన్నీ రాబట్టాను. ఆ సంఖ్య 720720.

1 నుంచి 16 వరకు సంఖ్యలన్నిటి క.సా.గు. ఇదే. విడగొట్టడమూ తేలికే. 720 × 1001 కదా! 720 అంటే 2⁴ × 3² × 5, 1001 అంటే 7 × 11 × 13. ఈ ఒక్క లైన్ రాసుకున్నాక మిగతాదంతా ఘాతాంకాల లెక్కే. భాజకాలు ఎన్ని అంటే, ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణించాలి: 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. ఇంతకంటే చిన్న సంఖ్య దేనికీ ఇన్ని భాజకాలు లేవు. బేసి భాజకాలు కావాలంటే 2 జోలికి పోకూడదు, కాబట్టి ఆ 5ను తీసేస్తే 48. మిగిలిన 192 సరివి. వర్గ సంఖ్యలైన భాజకాలు అడిగితే ఘాతాంకాలన్నీ సరి సంఖ్యలే కావాలి: 2కి 0, 2, 4, 3కి 0, 2, మిగతావాటికి 0 ఒక్కటే. మొత్తం 6. నమ్మకం కుదరకపోతే రాసి చూసుకోండి: 1, 4, 9, 16, 36, 144.

1001 పుణ్యమా అని ఇంకో షార్ట్‌కట్ కూడా చేతికొస్తుంది. 583247916ను 7తో భాగిస్తే శేషమెంత? కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి ఒకసారి కలపండి, ఒకసారి తీసేయండి: 916 − 247 + 583 = 1252. అందులోంచి 1001 తీస్తే 251. ఇక 7తో శేషం 6. 11తో అడిగితే 9, 13తో అయితే 4. 1000 అనేది 1001కి ఒకటి తక్కువ కాబట్టే ఈ ప్లస్, మైనస్ ఆట.

7²²² ఒకట్ల స్థానం లాంటివి ఎక్కువ సేపు చేయక్కర్లేదు. 7, 9, 3, 1 చక్రం తిరుగుతుంది, 222ను 4తో భాగిస్తే శేషం 2, జవాబు 9. 100!, అంటే 1 నుంచి 100 వరకు అన్నీ గుణిస్తే వచ్చే సంఖ్య, చివర సున్నాలు 24. 5 గుణిజాలు ఇరవై కదా అని అక్కడే ఆగిపోతే 25, 50, 75, 100లలో ఉన్న రెండో 5ను వదిలేసినట్టే.

అసలు టెన్షన్ పెట్టేది ‘ఇది ప్రధాన సంఖ్యేనా?’ అనే ప్రశ్న. 8051నే తీసుకోండి. చిన్న ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించుకుంటూ పోతే 83 దాకా ఏదీ తగలదు. అంత టైమ్ ఎక్కడిది? పైనున్న దగ్గరి వర్గం చూడండి: 90² = 8100. తేడా 49, అంటే 7². కాబట్టి (90 − 7)(90 + 7), అంటే 83 × 97. ఈ కిటుకు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మాది. ఆయనే 2³² + 1ను ప్రధాన సంఖ్య అనుకున్నాడు; అది 641తో నిశ్శేషంగా భాగించబడుతుందని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. పెద్ద సంఖ్య చూపుకి ఎవరినైనా బోల్తా కొట్టిస్తుంది మరి.

తేడా వర్గం కాకపోతే తర్వాతి వర్గంతో ప్రయత్నించండి. రెండు మూడు సార్లకు తేలకపోతే ఆ ప్రశ్నకు మార్క్ పెట్టి ముందుకెళ్లిపోండి.