ఇంటిపేరు దొరక్కపోతే పొలాన్ని పట్టుకోవాలి: 1900 వెతుకులాట, ఇప్పటిదాకా

మొన్న రాత్రి పదకొండున్నరకి వేలం ప్రకటన దొరికింది. అమ్మాయిని లేపి చూపించాలనిపించింది గానీ, పొద్దున్నే ఆఫీసుందని ఊరుకున్నాను. వంటింట్లో మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ మూడుసార్లు చదివాను. అదే పొలం, అదే సెక్షను, అదే మనిషి. ఐదు వారాల నుంచి ఈ మనిషి నాకు ఆచూకీ దొరక్కుండా తిరుగుతున్నాడు.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. మా అల్లుడిది అమెరికాలోని అయోవా రాష్ట్రం. వాళ్ల పూర్వీకులు స్కాట్ కౌంటీలో, డేవెన్‌పోర్ట్ పట్నానికి ఉత్తరాన సేద్యం చేసిన జర్మన్లు, ఉత్తర జర్మనీలోని హోల్‌స్టైన్ నుంచి వచ్చినవాళ్లు. మనవడికి మా వైపు ఏడు తరాలు చెప్పగలను. వాళ్ల నాన్న వైపు మాత్రం ముత్తాత తండ్రి దగ్గర దారం తెగిపోయింది, అందుకే ఆయన కుటుంబాన్ని అమెరికా సెన్సస్ (జనాభా లెక్కల) కాగితాల్లో వెతుకుతున్నాను. వియ్యపురాలు పాత బైబిల్లో రాసి ఉన్న పేర్లు చూపించారు, అంతే ఆధారం. ఆ కుటుంబంవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఇంటిపేరు ఇక్కడ రాయను. ఇంగ్లిషులో ‘కె’తో మొదలవుతుందని తెలిస్తే చాలు. నన్ను ఇంత ఏడిపించింది ఆ ఒక్క అక్షరమే.

దొరికినవి ముందు. 1860, 1870, 1880 ఫెడరల్ (దేశమంతటికీ జరిగే) సెన్సస్‌లు ఒక్క పూటలో తేలిపోయాయి. 1885, 1895 అయోవా రాష్ట్ర సెన్సస్‌లు కూడా దొరికాయి. 1925 రాష్ట్ర సెన్సస్‌లో కొడుకు ఎంట్రీలో తల్లి పుట్టింటి పేరుతో సహా ఉంది. అయోవా మీద పనిచేసేవాళ్లు ఫెడరల్ సెన్సస్‌తో సరిపెట్టుకుంటే తప్పు చేసినట్టే. పుట్టిన చోటు ఒకసారి హోల్‌స్టైన్, ఒకసారి ప్రష్యా, ఒకసారి జర్మనీ అని మారుతుంటే కంగారు పడకండి. 1864 దాకా అది డెన్మార్క్ రాజు కింద ఉండి, 1867లో ప్రష్యాలో కలిసింది. ఊరు అదే, ప్రభుత్వం మారింది.

ఇక దొరకనిది 1900.

1890 పత్రాలు 1921 జనవరిలో వాషింగ్టన్ అగ్నిప్రమాదంలో పోయాక, ఫెడరల్ లెక్కల్లో 1880కీ 1910కీ మధ్య మనకున్నది 1900 ఒక్కటే. పుట్టిన నెల, సంవత్సరం, పెళ్లై ఎన్నేళ్లు, ఎందరు పిల్లలు పుట్టారు, ఎందరు బతికున్నారు, ఏ సంవత్సరం ఓడ దిగారు, అన్నీ ఒకే వరుసలో ఇచ్చేది అదే. నాకు అదే కావాలి. 1880లో ఏడుగురు పిల్లలున్నారు. 1910లో ఆ ఇంటి ఇల్లాలు విధవరాలు, పట్నంలో కొడుకింట్లో ఉంది. తొమ్మిది మంది పుట్టారు, ఐదుగురు బతికున్నారని రాశారు. మధ్యలో ఏమైందో 1900 చెప్పాలి.

1910 ఎంట్రీ కూడా ఊరికే దొరకలేదు. ఇండెక్సులో ఇంటిపేరు ‘ఆర్’తో ఎక్కింది. అసలు కాగితం పెద్దది చేసి చూస్తే ‘కె’ నిలువుగీత పైన చిన్న గుండ్రం చుట్టాడు ఆ లెక్కల మనిషి. మన కరణాల గొలుసుకట్టు రాత చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. ఒకే చేతిలో ఆ అక్షరం ఎక్కడెక్కడ వచ్చిందో పోల్చుకోకపోతే ఏదీ తేలదు. పలికే తీరును బట్టి పేర్లు వెతికే సౌండెక్స్ పద్ధతి ఇక్కడ పనికిరాదు. అది మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి మిగతావాటికే అంకెలు ఇస్తుంది. మొదటి అక్షరమే తప్పైతే మొత్తం కోడు పోయినట్టే.

కాబట్టి 1900కి ‘కె’, ‘ఆర్’, ‘హెచ్’ మూడింటితో పద్నాలుగు స్పెల్లింగులు నోటుబుక్కులో రాసుకుని ఒక్కొక్కటి కొట్టాను. ఇంటిపేరు వదిలేసి భర్త పేరు, వయసు మూడేళ్లు అటూ ఇటూ, పుట్టింది జర్మనీ, కౌంటీ స్కాట్ అని కూడా వెతికాను. నలభై ఒక్క మంది వచ్చారు. నలభై ఒక్క కాగితాలూ తెరిచాను. ఒక్కరికీ భార్య పేరు కలవలేదు. పాత రికార్డుల సైటు ఫ్యామిలీసెర్చ్ ఉచితమైనా నాకు అదే హాయిగా ఉంది. ఇండెక్సు నచ్చకపోతే ఫిల్ము మొదటి కాగితం నుంచి తిప్పుకుంటూ పోవచ్చు.

అక్కడే నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్పై ఏళ్లు చేశాను. మనకి ఇండెక్సు ఒకటి మనుషుల పేర్లతో, ఇండెక్సు రెండు ఆస్తులతో ఉంటుంది. పార్టీ పేరు రకరకాలుగా రాసి ఉంటే ఈసీ తీసేటప్పుడు ఏం చేసేవాళ్లం? సర్వే నంబరు, హద్దులు పట్టుకునేవాళ్లం. మనిషి పేరు మారుతుంది, తూర్పు హద్దు అంత త్వరగా మారదు. ఇక్కడ కూడా అదే చేయాలనుకున్నాను.

1885 రాష్ట్ర సెన్సస్‌లో ప్రతి ఇంటికీ టౌన్‌షిప్, రేంజి, సెక్షను (మన సర్వే నంబర్ల లాంటివి), అందులో ఏ భాగమో కూడా రాశారు. మావాళ్లది సెక్షను 14, వాయవ్య మూల పావు, అంటే 160 ఎకరాలు. ముందు పేజీ, వెనక పేజీ చూసి హద్దుదారులు నలుగురి పేర్లు రాసుకున్నాను. తర్వాత 1900లో ఆ టౌన్‌షిప్ మొత్తం తొమ్మిది షీట్లు, రెండు వైపులా కలిపి పద్దెనిమిది పేజీలు, పేజీకి యాభై వరుసలు. చివరి పేజీ సగం ఖాళీ. 871 మంది, మూడు సాయంత్రాలు.

హద్దుదారులు ఇద్దరు దొరికారు. ఇల్లు నంబరు 61 ఒకరిది, 63 ఇంకొకరిది. మధ్యలో 62లో ఉండాల్సింది మావాళ్లు. ఉన్నది వేరే ఇంటిపేరుతో ముప్పై రెండేళ్ల మనిషి, భార్య, ముగ్గురు చిన్నపిల్లలు. చివరి కాలాల్లో సొంతమా అద్దెనా అన్నచోట అద్దె అని, పొలమా ఇల్లా అన్నచోట పొలం అని గుర్తులు. అంటే కౌలుదారు. ఆ రాత్రి నిజంగా నీరసం వచ్చేసింది. కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఇన్ని వారాల్లో నాకు దొరికిన మొదటి గట్టి సమాచారం అదే. ఇండెక్సు తప్పు కాదు. వాళ్లు 1900 జూన్ నాటికి ఆ పొలంలో లేరు.

ఎక్కడికి పోయారు? నేననుకున్నవి మూడు. ఒకటి, నెబ్రాస్కాలో కూతురి దగ్గరికి. గ్రాండ్ ఐలాండ్ ఊరికి 1857లో మొదట వెళ్లి దిగింది డేవెన్‌పోర్ట్ జర్మన్లే, కాబట్టి చుట్టరికాలు అటు చాలా ఉన్నాయి. ఆ ఊరున్న హాల్ కౌంటీలో ఇండెక్సు వెతికాను, రాలేదు. రెండు, లెక్కల మనిషి వదిలేశాడు. ఇది రుజువు చేయడానికి వీల్లేదు కాబట్టి పక్కన పెట్టాను. మూడు, పొలం కౌలుకిచ్చి పట్నం చేరారు. పెద్దవాళ్లయ్యాక అలా చేసిన జర్మన్ రైతులు ఆ చుట్టుపక్కల చాలామంది.

మొన్న దొరికిన ప్రకటనతో మూడోదానికి బలం వచ్చింది. అయోవాలో కౌళ్లు మార్చి ఒకటిన మారేవి, ఇల్లు మారేవాళ్లు కూడా ఆ రోజే సామాను బళ్లకెత్తేవాళ్లు. అందుకని పేపర్లలో ఫిబ్రవరి నెలలు మాత్రమే తీసుకున్నాను, 1896 నుంచి 1900 దాకా. ఇంటిపేరుతో ఏమీ రాలేదు. 63వ ఇంటివాళ్ల పేరు, దాంతోపాటు ‘మైలు’ అన్న మాట కలిపి కొడితే వచ్చింది: 1898 ఫిబ్రవరి, మూడో పేజీ, ఎడమ నుంచి రెండో కాలం కింద. ఫలానావారి ఇంటికి మైలు పడమర, సెక్షను 14లో, పొలం కౌలుకిచ్చినందున బహిరంగ వేలం. ఆరు గుర్రాలు, తొమ్మిది పాడి ఆవులు, నలభై పందులు, ఒక మెకార్మిక్ బైండరు, మొక్కజొన్న నాటే యంత్రం, మంచులో లాగే స్లెడ్జి ఒకటి, మూడు వందల బుషెళ్ల ఓట్లు. పది గంటలకు మొదలు, మధ్యాహ్నం భోజనం ఉచితం. పది డాలర్ల లోపైతే రొక్కం, పైనైతే నోటు రాసి పది నెలల వాయిదా. ఇంటి సామాను మాత్రం జాబితాలో లేదు. అది వాళ్ల వెంట తీసుకెళ్లారనే నా నమ్మకం. దూరం పోయేవాళ్లైతే మంచాలూ పొయ్యీ కూడా అమ్మేసేవాళ్లు.

పేరు చివర్లో ఉంది. ‘కె’ బదులు ‘సి’ వేశారు! ఇంగ్లిషు పేపరు కంపోజిటరు చెవికి తోచినట్టు కూర్చాడు. మళ్లీ అదే మొదటి అక్షరం. ఆ రాత్రే ‘సి’తో 1900 వెతికితే డేవెన్‌పోర్ట్‌లో పదకొండు మంది వచ్చారు, ఒక్కరూ మావాళ్లు కారు.

అక్కడి జర్మన్ పేపరు డెర్ డెమోక్రాట్ 1918లో ఆగిపోయేదాకా ఇలాంటివన్నీ వేసేది. అందులో మరణవార్త దొరుకుతుందని ఆశ. కానీ ఫ్రాక్టూర్ అనే పాత జర్మన్ అచ్చులో పెద్ద ‘కె’, పెద్ద ‘ఆర్’ కవల పిల్లల్లా ఉంటాయి. పొడుగు ‘ఎస్’ని కంప్యూటరు ‘ఎఫ్’ అని చదువుతుంది. అందులో వెతుకుడు పెట్టెను నమ్మడం నా వల్ల కాదు. తేదీ తెలిశాక కంటితో చదవడమే.

1900లో డేవెన్‌పోర్ట్ జనాభా 35 వేల పైచిలుకు. నా వేగంతో రోజుకి ఆరు పేజీలంటే దాదాపు నాలుగు నెలలు పడుతుంది. అక్టోబరులో నా తిరుగు టికెట్టు. అందుకని ముందు 1898 నుంచి 1901 దాకా పట్నం డైరెక్టరీలు చూడాలి. వీధి తెలిస్తే స్టీవ్ మోర్స్ అనే ఆయన వెబ్‌సైటులోని పనిముట్టుతో సెన్సస్ బ్లాకు నంబరు పట్టుకోవచ్చు, అప్పుడు కొద్ది పేజీలే మిగులుతాయి. ఈయనే 8086 ప్రాసెసరు రూపశిల్పి అని అల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు. మా అబ్బాయి ఇంజినీరింగులో రాత్రిళ్లు కూర్చుని చదివిన చిప్పు అది. ఆ మనిషే వంశవృక్షాలు వెతికేవాళ్లకి ఇంత సాయం చేశాడంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఒక్క బాధ మాత్రం చెప్పుకోవాలి. ఇక్కడ 72 ఏళ్లు దాటగానే సెన్సస్ కాగితాలు జనానికి ఇచ్చేస్తారు, 1950వి 2022 ఏప్రిల్ ఒకటిన వచ్చాయి. మన దగ్గర 1948 చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు. మా అమ్మ పుట్టింటివాళ్లని ఇలా ఒక వరుసలో, పేరూ వయసుతో చూసుకునే భాగ్యం నాకు లేదు.

మంగళవారం డేవెన్‌పోర్ట్ లైబ్రరీలో రిచర్డ్‌సన్-స్లోన్ విభాగం దగ్గర అల్లుడు దింపుతానన్నాడు. ముందు డైరెక్టరీలు, అక్కణ్ణుంచి కౌంటీ ఆఫీసులో మరణాల రిజిస్టరు. టైముంటే రికార్డరు (మన సబ్‌రిజిస్ట్రార్ లాంటి అధికారి) దగ్గర అమ్మినవాళ్ల ఇండెక్సులో సెక్షను 14 చివరికి ఎవరి పేరు మీదికి మారిందో చూస్తాను. ‘కె’, ‘ఆర్’, ‘హెచ్’, ‘సి’ నాలుగింటి పట్టిక కొత్త కాగితం మీద రాసి కళ్లద్దాల పెట్టెలో పెట్టుకున్నాను.