పాప వెన్నులో రాడ్లు, రక్తంలో టైటానియం

మూడోసారి రాడ్లు పొడిగించిన రోజు సాయంత్రం సర్జన్‌గారు ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. వీపు మధ్య కోత, ఎర్రటి కండ, అందులో మెరుస్తున్న కనెక్టర్ (రాడ్లను కలిపే ముక్క), దాని చుట్టూ కాటుక పులిమినట్టు నల్లటి మరక. "ఇదేంటండీ, ఇన్ఫెక్షనా?" అన్నాను. "కాదమ్మా, మెటల్ పొడి. రాడ్డూ కనెక్టరూ ఒరుసుకున్న చోట ఇలా చేరుతుంది, శుభ్రం చేసేశాం, కంగారు పడకండి" అని చెప్పి ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లిపోయారు. ఆయనకది రోజూ చూసే సంగతి, నాకు మాత్రం ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

మా పాపకు మూడేళ్లప్పుడు స్కోలియోసిస్, అంటే వెన్ను పక్కకు వంగిపోవడం, బయటపడింది. స్నానం చేయిస్తుంటే ఒక పక్క భుజం ఎముక పైకి లేచినట్టు కనిపించింది, అంతే. బ్రేస్ (వెన్నును పట్టి ఉంచే గట్టి పట్టీ) వేశాం, కొన్నాళ్లు ఆగింది, తర్వాత ఆగలేదు. ఆరేళ్లు వచ్చేసరికి వంపు 70 డిగ్రీలు దాటింది. టీనేజీ పిల్లలకైతే ఎముకలన్నీ కలిపేసే ఫ్యూజన్ ఆపరేషన్ చేస్తారు, ఆరేళ్ల పిల్లకు అలా చేస్తే ఛాతీ అక్కడితో ఆగిపోతుంది, ఊపిరితిత్తులు పెరగడానికి చోటుండదు. వదిలేస్తే వంపు పెరిగి మళ్లీ ఊపిరితిత్తులనే నొక్కుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నమాట. అందుకని పైన కింద మాత్రం స్క్రూలతో ఎముకకు బిగించి, మధ్యలో రాడ్లు వేసి, పిల్ల పెరిగేకొద్దీ ఆర్నెల్లకోసారి వీపు తెరిచి కాస్త కాస్త పొడిగించే పద్ధతి. ఐదు నుంచి పదేళ్ల మధ్య వెన్ను పెరిగేది ఏడాదికి సుమారు 1 సెంటీమీటరే, ఆ సెంటీమీటరు కోసమే ఇదంతా. పైగా పొడిగించిన ప్రతిసారీ వెన్ను బిగుసుకుపోతుంది, మొదటిసారి వచ్చినంత పొడవు ఆరోసారి రాదు. ఇది కూడా మాకు ముందు తెలీదు, సరే.

అసలు విషయానికొస్తాను. టైటానియం తుప్పు పట్టదు, ఒంట్లో పెట్టినా ఏం కాదు అని అందరూ అంటారు, నేనూ అదే నమ్మాను. సగం నిజం. గాలి తగలగానే టైటానియం మీద ఆక్సైడ్ పొర ఒకటి ఏర్పడుతుంది, మందం కొన్ని నానోమీటర్లే, లోహాన్ని కాపాడేది అదే. గీత పడితే మళ్లీ వెంటనే కట్టుకుంటుంది కూడా. చిక్కెక్కడంటే, ఒకే చోట రోజుకు వేలసార్లు ఒరుసుకుంటుంటే పొర లేస్తుంటుంది, కడుతుంటుంది, లేచిన ప్రతిసారీ పిసరంత లోహం బయటికి పోతుంది. పిల్ల ఊపిరి పీల్చినా, వంగినా, పడుకుని దొర్లినా స్క్రూ తల దగ్గర రాడ్డు కంటికి కనపడనంత కదులుతుంది. పైగా బిగించిన సందుల్లోకి చేరిన ద్రవం అక్కడే నిలిచిపోతుంది, ఆక్సిజన్ తగ్గి ఆమ్లగుణం పెరుగుతుంది, ఆ మూలలో పొర కట్టుకోవడం కష్టమవుతుంది. కాబట్టి పొడి వచ్చేది నున్నటి రాడ్డు మధ్య నుంచి కాదు, ఎక్కువగా అతుకుల దగ్గర.

ఇంకోటి, టైటానియం అంటే మొత్తం టైటానియమే అనుకునేదాన్ని. వెన్నుకు ఎక్కువగా వాడే మిశ్రమంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి. స్టీలు రాడ్లయితే, అంటే హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ అనే సర్జన్ 1950లు, 60లలో వాడుకలోకి తెచ్చిన కాలం నుంచి ఉన్నవి, వాటిలో క్రోమియం, నికెల్ గణనీయంగా ఉంటాయి. చెవి కమ్మలకు, వాచీ వెనకభాగానికి దురదలొచ్చే పిల్లలుంటారు చూడండి, వాళ్లకు నికెల్ పడదు, ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌కు చెప్పాలి. కోబాల్ట్ క్రోమ్ రాడ్లు గట్టివి, వంపును బాగా సరిచేస్తాయని పెద్ద పిల్లలకు వేస్తారు, చాలాసార్లు వాటికి టైటానియం స్క్రూలే ఉంటాయి. మీ పిల్లకు ఏది వేశారో డిశ్చార్జ్ కాగితాల్లో ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించి ఉంటాయి, ఒకసారి ఫొటో తీసి పెట్టుకోండి. నేను తీసుకోలేదు, తర్వాత వెతుక్కోవాల్సి వచ్చింది.

ఫ్యూజన్ అయినవాళ్లలో ఎముకలు కలిసిపోయాక కదలిక బాగా తగ్గుతుంది కాబట్టి ఒరుసుకోవడమూ తగ్గుతుంది. అయినా ఆపరేషన్ అయిన కొద్దిరోజుల్లోనే రక్తంలో లోహం పెరగడం, తర్వాత ఏళ్లు గడిచినా మామూలు కంటే ఎక్కువగానే ఉండిపోవడం చూశారు. మా పాపలాంటి వాళ్లలో మధ్యభాగాన్ని కావాలనే కలపరు, వెన్ను పెరగాలి కదా, అంటే కదలిక ఉంటూనే ఉంటుంది. దానికి తోడు ఆర్నెల్లకోసారి అదే స్క్రూ విప్పడం, రాడ్డు జరపడం, మళ్లీ బిగించడం. గీతలు పడక ఏమవుతాయి?

ఆ రోజుల్లో మాగ్నెటిక్ రాడ్లు వేయించుకున్న పిల్లల్ని చూసి నేను ఎంత కుళ్లుకున్నానో చెప్పలేను. హాంకాంగ్ డాక్టర్లు 2012లో వైద్య పత్రిక లాన్సెట్‌లో రాసిన పద్ధతి అది, రాడ్డు లోపల అయస్కాంతం ఉంటుంది, బయట నుంచి ఒక యంత్రం వీపు మీద పెడితే లోపల మర తిరిగి రాడ్డు సాగుతుంది, కోత లేదు, మత్తు లేదు. తర్వాత తెలిసింది, గొట్టంలోంచి గొట్టం జారే ఆ చోటే టైటానియం పొడికి పుట్టిల్లని. తీసేసిన రాడ్లను కోసి చూస్తే ఒకే వైపు అరిగిన గుర్తులు, లోపల సీలు పాడై పొడి బయటికొచ్చిన గుర్తులు కనిపించాయి. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎంహెచ్ఆర్ఏ ఒక రకం మాగ్నెటిక్ రాడ్ల సరఫరా ఆపించింది. అమెరికా ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరిక ఇచ్చింది కానీ ఆపలేదు, లాభమే ఎక్కువ అంది. రెండిట్లో ఏది సరైనదని నన్నడిగితే చెప్పలేను. ఆర్నెల్లకోసారి పిల్లకు మత్తు ఇప్పించిన తల్లిని నేను, పొడి మాట తెలిసి కూడా ఆ రాడ్ల వైపే మొగ్గేదాన్నేమో.

ఇక రక్తపరీక్ష కథ. ఫొటో చూశాక ఆగలేకపోయాను, పరీక్ష రాయమని పట్టుబట్టాను. సర్జన్‌గారు ఒకే మాట అన్నారు, "అంకె వచ్చాక దాంతో ఏం చేస్తారో ముందు ఆలోచించుకోండి" అని. వినలేదు. రిపోర్టులో టైటానియం ఎక్కువ, సరే, అనుకున్నదే. క్రోమియం ఇంకా ఎక్కువ! నా గుండె జారిపోయింది. వారం రోజులు అదే టెన్షన్, ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అప్పుడు వెలిగింది, పాపవి పూర్తిగా టైటానియం రాడ్లు, స్క్రూలూ టైటానియమే, వాటిలో లేని క్రోమియం ఎక్కడి నుంచి వచ్చింది?

సూదిలోంచి. మామూలు సూది స్టీలు, స్టీల్లో క్రోమియం, నికెల్ ఉంటాయి, లీటరుకు మైక్రోగ్రాముల్లో కొలిచే చోట ఆ కాస్త చాలు లెక్క తారుమారు కావడానికి. ఇలాంటి పరీక్షకు ప్లాస్టిక్ కాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టాలి, మొదటి కొన్ని మిల్లీలీటర్ల రక్తం వేరే ట్యూబులోకి వదిలేయాలి, తర్వాతిది ట్రేస్ ఎలిమెంట్ల కోసమే, అంటే రక్తంలో అతి కొద్దిగా ఉండే లోహాల్లాంటివి కొలవడానికే చేసిన ముదురు నీలం మూత ట్యూబులో పట్టాలి. మాకు రక్తం తీసిన అబ్బాయికి ఇవేవీ ఎవరూ చెప్పలేదు, అతన్ని ఏమనగలం. రెండోసారి పద్ధతిగా తీయించాం. క్రోమియం మామూలుకొచ్చేసింది. టైటానియం లీటరుకు 2 దాటి 3 మైక్రోగ్రాములలోపు ఉంది. రాడ్లు లేనివాళ్లలో సాధారణంగా 1 కూడా ఉండదు.

ఆ రెండో కాగితం పట్టుకుని వెళ్తే సర్జన్‌గారు చూసి పక్కన పెట్టారు. పిల్లల వెన్ను ఇంప్లాంట్లకు ఇంత దాటితే ప్రమాదం అని అందరూ ఒప్పుకున్న గీత లేదు. తుంటి కీలు మార్పిడిలో లోహం మీద లోహం ఒరిసే రకానికి కోబాల్ట్, క్రోమియం లీటరుకు 7 మైక్రోగ్రాములని బ్రిటన్‌లో ఒక గీత పెట్టారు, అది పెద్దవాళ్ల తుంటికి, వేరే లోహాలకు, దాన్ని తెచ్చి ఇక్కడ అతికించలేం. నేను అతికించాను లెండి, ఒక రాత్రంతా. ఆయన చూసేవి వేరు: కొత్తగా నొప్పి ఉందా, రాడ్ల దగ్గర వాపుందా, చర్మం కింద ద్రవం చేరిందా, ఎక్స్‌రేలో స్క్రూ చుట్టూ నల్లటి అంచు కనిపిస్తోందా. ఇవి ఉంటే లోహం అంకె తోడుగా పనికొస్తుంది. ఇవేవీ లేకుండా ఒట్టి అంకెను చూసి రాడ్లు తీసేస్తే వంపు తిరిగొస్తుంది.

నా కోపం ఇంకోచోట ఉంది. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టిన కాగితంలో ఇన్ఫెక్షన్ ఉంది, రాడ్డు విరగడం ఉంది, నరం దెబ్బతినడం ఉంది, మెటల్ పొడి గురించి ఒక్క ముక్క లేదు. నేను సంతకం పెట్టకపోయేదాన్నా? పెట్టేదాన్నే. కానీ ఆ ఫొటో చూసినప్పుడు కాళ్ల కింద భూమి కదిలేది కాదు. ఆరేళ్లకు ఒంట్లోకి వెళ్లిన లోహంతో ఒక మనిషి డెబ్బై ఏళ్లు బతకొచ్చు, అరవై ఏళ్లప్పుడు రాడ్లు వేయించుకున్నవాళ్ల లెక్క వేరు. కనీసం ఆ మాటైనా ఎవరైనా కూర్చుని చెప్పాలి కదా.

పాప ఇదంతా వింటూనే ఉంది, పిల్లలు వినరని మనం అనుకుంటాం. ఒకరోజు పళ్లు తోముకుంటూ అడిగింది, "అమ్మా, నేను లోపల తుప్పు పడుతున్నానా?" లేదమ్మా, టైటానియానికి తుప్పు రాదు, కొంచెం పొడి రాలుతుందంతే అన్నాను. "ఎరేజర్ పొడిలాగా?" అంది. అవునన్నాను, అంతకంటే బాగా నేను చెప్పలేను.

పదకొండేళ్లకు చివరి ఫ్యూజన్ అయింది. పాత రాడ్లు తీసి కొత్తవి వేశారు, అడిగితే ఒక కనెక్టర్ శుభ్రం చేసి కవర్లో పెట్టి ఇచ్చారు. చిన్నది, నా చిటికెన వేలంత. స్క్రూ బిగించిన చోట ఒకదాని మీద ఒకటి గీతలు, లోపలి అంచున బూడిదరంగు మచ్చ, రుద్దితే పోలేదు. అది ఇప్పుడు పాప పెన్సిల్ బాక్సులో ఉంది. అయస్కాంతం పెట్టి చూసింది, అంటుకోలేదని కాస్త నిరాశపడింది. వచ్చే నెల ఎక్స్‌రే ఉంది. రక్తపరీక్ష ఈసారి రాయించుకోలేదు.