‘కళ్లు’ అని వినబడాలంటే

పోయిన వేసవిలో తెనాలిలో మా అమ్మకి శుక్లం ఆపరేషన్ అయింది. అంతా బాగానే జరిగింది కానీ, కొన్నాళ్లు ఫోన్ తెర ఎక్కువసేపు చూడొద్దని డాక్టర్ చెప్పారు. రోజూ వీడియో కాల్ చేసే మనిషి, అప్పటినుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టింది. మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. పొద్దున మేం లేచేసరికి అక్కడ మధ్యాహ్నం కావస్తుంటుంది. అప్పటికి అమ్మ మనవరాలితో చెప్పాలనుకున్నదంతా ఫోన్‌లో చెప్పేసి ఉంటుంది. గేదె ఈనిన సంగతి, పక్కింట్లో పెళ్లిచూపులు, తన చిన్నప్పుడు కళ్లంలో ధాన్యం కుప్ప పక్కన కాపలా పడుకున్న రాత్రులు. ఒక్కోటి ఐదారు నిమిషాలుంటుంది.

మా అమ్మాయికి పదమూడేళ్లు. ఒకరోజు జవాబు పెడుతూ, “నాయనమ్మా, నీ కల్లు ఎలా ఉన్నాయి?” అంది. “బానే ఉన్నాయి బంగారం” అంది అమ్మ. ఆవిడ తప్పు పట్టలేదు. నాకు మాత్రం ఆ రోజంతా అదే మాట మనసులో తిరిగింది. శనివారం తెలుగు బడిలో ళ అక్షరం గుండ్రంగా, ముచ్చటగా రాస్తుంది. చదవమంటే ల అంటుంది. నేను ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. ఒకసారి విసుక్కున్నాను కూడా. అప్పుడు, “నాన్నా, నాకు రెండూ ఒకటే వినిపిస్తాయి” అంది, కళ్లలో నీళ్లు తిప్పుకుంటూ.

అది విన్నాక ఆలోచించాను. నాయనమ్మ మాటలు తను వినేదెక్కడ? వంటింట్లో, టాబ్లెట్‌కున్న చిన్న స్పీకర్లో. పక్కన కెటిల్ మరుగుతుంటుంది, పొయ్యి మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటుంది. చెవిన పడని అక్షరాన్ని నోటితో పలకమంటే ఎలా పలుకుతుంది?

సొరుగులో తన పాత రాస్‌బెర్రీ పై ఉంది, 3బి ప్లస్ మోడల్. పిల్లలకి కంప్యూటర్ లోపలి సంగతులు నేర్పాలని కేంబ్రిడ్జ్‌లో రూపొందించిన చిన్న కంప్యూటర్ బోర్డు అది. మొట్టమొదటిది అమ్మకానికి వచ్చింది 2012 ఫిబ్రవరి 29న. మా అమ్మాయి పుట్టింది కూడా అదే ఏడు. దానికి పాత కంప్యూటర్ స్పీకర్లు తగిలించి, బల్ల మీద పెట్టి, బటన్ నొక్కితే నాయనమ్మ మాట్లాడేలా చేద్దామా అని అడిగాను. వెంటనే ఒప్పుకుంది. రాత్రిళ్లు నేను మెసేజ్‌లు సేవ్ చేసి ఒక ఫోల్డర్‌లో వేస్తాను, బటన్ పని తనది.

పని చేసింది. కానీ మాటల మధ్య బుస్సుమని ఒకటే శబ్దం. అమ్మ ఊపిరి తీసుకునే చోటల్లా అది పైకి తేలేది. తప్పు మా స్పీకర్లది కాదు. ఆ మోడల్లో హెడ్‌ఫోన్ రంధ్రం వెనక ధ్వని కోసం విడిగా కన్వర్టర్ ఉండదు. ప్రాసెసర్ చిప్పే ఒక పిన్నుని అతివేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ పోతే, ఆ తరంగాన్ని వడపోసి ధ్వనిగా పంపుతారు. బీప్ శబ్దాలకి అది చాలు. మెల్లగా మాట్లాడే ముసలావిడ గొంతుకి చాలదు. అంకెల్ని ధ్వనిగా మార్చడానికి వేరే బోర్డు కావాలి, దాన్నే డాక్ అంటారు. (కొత్త మోడల్ 5లో అయితే ఆ రంధ్రమే లేదు. అక్కడ ఏదో ఒకటి కొనక తప్పదు.)

ఏది కొనాలన్న దగ్గర ఇద్దరికీ వాదన మొదలైంది. తనకి నచ్చింది పీసీఎం5122 అనే డాక్ చిప్ ఉన్న బోర్డు. హైఫైబెర్రీ అనే కంపెనీ వాళ్లవి ఉన్నాయి, రాస్‌బెర్రీ పై వాళ్లు 2020లో ఐక్యూఆడియో అనే కంపెనీని కొన్నాక తమ పేరుతో అమ్మేదీ ఉంది. పైన గుచ్చితే సరిగ్గా కూర్చుంటుంది, వైరు పని లేదు, వాల్యూమ్ చిప్‌లోనే తగ్గించుకోవచ్చు. ధర ఇరవై పౌండ్లు, ఆ పైన. “అంటే రెండు వేల రూపాయల పైమాటే. నాయనమ్మకి ఒక నెల పాలు వస్తాయి” అన్నాను. “నాన్నా, మనం ఇక్కడ ఉన్నాం కదా, పౌండ్లలోనే చెప్పు” అంది. తను అన్నది న్యాయమే. ఈ దేశంలో పుట్టిన పిల్ల, తన పాకెట్ మనీ పౌండ్లలో వస్తుంది. కానీ నెల పాల లెక్క కూడా తనకి తెలియాలనే నా కోరిక. అందుకే రెండు లెక్కలూ కాగితం మీద పక్కపక్కన వేశాం.

అసలు మనం వినేదేమిటి? వాట్సాప్ బాగా కుదించి పంపిన మాట. పీసీఎం5102ఏ అనే డాక్ చిప్ 384 కిలోహెర్ట్జ్ దాకా, అంటే సెకనుకి 3,84,000 సార్లు కొలిచిన ధ్వని దాకా తీసుకుంటుంది. మాటకీ దాని వెనక మిగిలే రొదకీ మధ్య తేడా 112 డెసిబెల్స్ అని తయారీదారు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ పత్రంలో ఉంది. ఆ చిప్‌తో ఊదా రంగు బోర్డు ఐదారు పౌండ్లకే దొరుకుతుంది. మన పనికి అదే ఎక్కువ. ఇంత మెసేజ్ వినడానికి అంతకన్నా ఖరీదైన బోర్డు కొంటే తేడా చెవికి తెలియదని నా నమ్మకం. మంచి సంగీతం, మంచి స్పీకర్లు ఉన్నవాళ్ల సంగతి వేరు.

స్పీకర్ కూడా లేనివాళ్లకి మ్యాక్స్98357ఏ అనే బోర్డు మేలు. డాక్, యాంప్లిఫయర్ ఒకే ముక్కలో ఉంటాయి, చిన్న స్పీకర్‌కి నేరుగా 3 వాట్ల దాకా ఇస్తుంది. ఒకటే స్పీకర్, కానీ మాట వినడానికి రెండెందుకు? టంకం పెట్టే ఓపిక లేనివాళ్లు యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొనుక్కోవడమే మంచిది. గుచ్చితే పని చేస్తుంది. మేము ఊదా బోర్డుకి వెళ్లింది మా అమ్మాయికి టంకం నేర్పాలని. చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో మూగబోతే మా నాన్నే విప్పి టంకం పెట్టేవారు. మర్నాడు పొద్దున విజయవాడ కేంద్రం భక్తిరంజని వినకపోతే అమ్మకి తోచదు. ఇక్కడ లైవ్‌లో విందామంటే ఆ వేళకి మాకు అర్ధరాత్రి దాటి ఉంటుంది.

బోర్డు వచ్చింది. పిన్నులు విడిగా ఇచ్చారు, అవి మనమే అతికించుకోవాలి. మొదటి నాలుగూ నేను పెట్టాను, మిగతావి తను. ఐదు వైర్లు: 5 వోల్టులు, గ్రౌండు, రాస్‌బెర్రీ పై 12వ పిన్నుకి బిట్ క్లాక్ (అంకెలు ఎప్పుడు చదవాలో చెప్పేది), 35కి ఎడమ కుడి క్లాక్ (అవి ఏ వైపువో చెప్పేది), 40కి డేటా. అక్కడ పిన్నులు రెండు వరసలు కాబట్టి లెక్క తప్పకుండా వేలు పెట్టి ఇంగ్లిష్‌లో లెక్కపెట్టింది. తెలుగులో లెక్కపెట్టమంటే “ఇరవై తొమ్మిది తర్వాత టెన్షన్ వస్తుంది నాన్నా” అంది. సరే, ఆ పూటకి ఇంగ్లిష్‌లోనే కానిమ్మన్నాను.

రాస్‌బెర్రీ పై సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో హైఫైబెర్రీ డాక్ ఓవర్‌లే లైను, అంటే ఏ బోర్డు తగిలించామో దానికి చెప్పే లైను రాశాం. వేరే కంపెనీ పేరున్నా ఈ చిప్‌కీ అదే పనికొస్తుంది. ఆన్ చేస్తే ఏమీ వినబడలేదు. రెండు సాయంత్రాలు వెతికాం. చివరికి బోర్డు వెనకవైపు చూస్తే నాలుగు చోట్ల చిన్న చిన్న రాగి బిళ్లలున్నాయి, వాటిని టంకంతో కలపలేదు. ఒకటి, రెండు, నాలుగు ఎల్ అని రాసిన వైపు, మూడోది హెచ్ అని రాసిన వైపు కలపాలి. ఆ మూడోది కలపకపోతే చిప్ మ్యూట్‌లోనే ఉండిపోతుంది. ముందువైపు ఎస్‌సీకే అని రాసిన కాలు దగ్గర ఇంకో రెండు బిళ్లలు కూడా కలిపి, ఆ కాలుని గ్రౌండుకి కట్టాలి. కొనేవాళ్లు ముందు ఇవి చూసుకోండి. ఇంకో మాట, దీనికి హెడ్‌ఫోన్ నేరుగా పెట్టకండి. అది స్పీకర్ సెట్‌కో యాంప్లిఫయర్‌కో వెళ్లే లైన్ అవుట్. హెడ్‌ఫోన్‌ని నడిపే సత్తువ దానికి లేదు.

మూడో సాయంత్రం బటన్ నొక్కింది. బుస్సుమనడం లేదు. అమ్మ ఊపిరి తీసుకుని, “కళ్లంలో రాత్రి పడుకుంటే…” అని మొదలుపెట్టింది. మా అమ్మాయి ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వింది. నాలుగోసారి నాలుక మడిచి అంగిలికి ఆనించి చూసుకుంది. ఇదంతా బోర్డు మహిమ అని నేను అనను. వంటింటి గోల లేని చోట, ఒక్క గొంతునే, కూర్చుని విన్నది. ఇప్పటికీ మూడుసార్లలో ఒకసారి కళ్లు కల్లు అవుతూనే ఉంటాయి.

ఆ రాత్రే ఇంకోటి అడిగింది. “నాన్నా, నాయనమ్మ వెనకాల ఏదో గంట మోగుతోంది, ఏంటది?” అదే మెసేజ్ టాబ్లెట్‌లో నేనూ రెండుసార్లు విన్నాను కానీ ఆ గంట నా చెవిన పడలేదు. పాలబ్బాయి సైకిల్ అని చెప్పాను. తను అదే మాట నాయనమ్మకి పెట్టింది. మర్నాటి మెసేజ్‌లో మొదట అమ్మ చెప్పుల చప్పుడు, తర్వాత గేటు తీసిన చప్పుడు. “ఇదిగోరా అబ్బాయ్, ఇటు రా, మా మనవరాలు వింటుందట, ఒకసారి గట్టిగా కొట్టు” అంది అమ్మ. ఆ తర్వాత ట్రింగ్ ట్రింగ్‌మని గంట.