ఆపరేటర్‌కి తెలుసా, అలవాటా?

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో గదుల్ని చల్లబరిచే అమ్మోనియా ప్లాంటు ఆపరేటర్‌కి పని నిజంగా తెలుసో లేదో పరీక్షించాలంటే, ‘సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి వచ్చే అమ్మోనియా ఆవిరి పీడనం) ఎంతుండాలి?’ అని అడిగి లాభం లేదు. రోజూ లాగ్‌బుక్కులో రాసేదే, నిద్రలో లేపినా చెప్తాడు.

‘సక్షన్ పడిపోతోంది, గది మాత్రం చల్లబడట్లేదు. ఏం చూస్తావయ్యా?’ అని అడగండి. వెంటనే వాల్వు తిప్పేస్తానంటే సగం మార్కులు కూడా ఎక్కువే. గదిని చల్లబరిచే కాయిల్ మీద మంచు పేరుకుందా, దానికి లిక్విడ్ అమ్మోనియా అందుతోందా, లోపల కంప్రెసర్ ఆయిల్ చేరిందా అని వరసగా వెళ్లాలి. అమ్మోనియా ద్రవం కన్నా ఆయిల్ బరువు కాబట్టి అడుగునే చేరుతుంది. డ్రెయిన్ వాల్వు కిందే ఎందుకుందో చెప్పగలగాలి.

తర్వాత హెడ్ ప్రెషర్, అంటే కంప్రెసర్ దాటాక కండెన్సర్ వైపు ఉండే పీడనం. కండెన్సర్‌లో అమ్మోనియా 35 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంటే గేజీ సుమారు 12.5 బార్ చూపాలి. అదే 35 దగ్గర 15 చూపిస్తే, గేజీ మంచిదే అయితే, సిస్టమ్‌లో గాలి చేరిందని అనుమానించి పర్జ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి వదిలేయాలి. ‘ఎండలు కదండీ’ అనే జవాబు మేలో బాగా వినిపిస్తుంది. ఎండకైతే ఉష్ణోగ్రత, ప్రెషర్ రెండూ కలిసే పెరుగుతాయి.