తడిసిన షేల్ మీద నాలుగు ల్యాపులు

మాంచెస్టర్‌లో ఉంటున్న తెలుగువాళ్లను ఆటల గురించి కదిలిస్తే రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల పేర్లూ, ఓల్డ్ ట్రాఫర్డ్ క్రికెట్ మైదానం పేరూ చెబుతారు. అదే ఊళ్లో, గోర్టన్ వైపు, బెల్ వ్యూ ఏసెస్ అనే స్పీడ్‌వే జట్టు ఉందనీ, ఇంగ్లండ్‌లో ఈ ఆట వేళ్లూనుకున్న 1928 నుంచీ ఆ పేరు వినిపిస్తూనే ఉందనీ మనవాళ్లలో తెలిసినవారు తక్కువ. తెలిసిన కొద్దిమంది కూడా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎప్పుడూ వాన కురిసే ఈ ఊళ్లో మట్టి ట్రాక్ మీద మోటారు సైకిళ్ల పందెం ఎలా జరుపుతారు? సమాధానం కాస్త పెద్దది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆట సంగతి క్లుప్తంగా చెప్పాలి. అండాకారపు ట్రాక్ మీద నలుగురు రైడర్లు నాలుగు ల్యాపులు తిరుగుతారు. హీట్ అనే ఈ ఒక్కో చిన్న పందెం దాదాపు నిమిషంలో ముగుస్తుంది. ఇలాంటి హీట్లు కొన్ని కలిస్తే ఒక పోటీ. బండి 500 సీసీ ఒంటి సిలిండర్ ఇంజన్‌తో, మెథనాల్ ఇంధనంతో నడుస్తుంది. గేరు ఒకటే, బ్రేకులు అసలే లేవు. అన్ని మలుపులూ ఎడమవైపే కాబట్టి రైడర్ ఎడమ బూటుకు ఉక్కు తొడుగు బిగించుకుని, మలుపులో ఆ కాలిని నేలకు ఆనించి జారుతాడు. మొదటివాడికి మూడు పాయింట్లు, తరువాతివారికి రెండు, ఒకటి, చివరివాడికి సున్నా.

ఈ ఆటకు నీరు శత్రువనుకోవడం పొరపాటు. పోటీ మొదలయ్యే ముందు ట్యాంకర్‌తో ట్రాక్‌ను తడుపుతారు. హీట్ల మధ్యలో కూడా అవసరాన్ని బట్టి మళ్లీ తడుపుతారు. ట్రాక్ మీద పరిచే నలిగిన రాతి మట్టిని షేల్ అంటారు. ఎండిపోయిన షేల్ దుమ్మై లేచిపోతుంది, అడుగున గట్టి పొర తేలి అద్దంలా నునుపెక్కుతుంది, దాని మీద చక్రానికి పట్టు దొరకదు. విత్తనం వేసే ముందు రైతు మట్టిని పిడికిట్లోకి తీసుకుని పదును చూసినట్టే, ఇక్కడ ట్రాక్ చూసుకునే మనిషి మడమతో నేలను తొక్కి, వేళ్లతో నలిపి చూస్తాడు. అతడు కోరుకునేది ట్రాక్ అంతటా ఒకే తీరుగా ఉన్న తడి. వాన చెడగొట్టేది ముఖ్యంగా ఆ సమానత్వాన్నే.

ఎందుకో అర్థం కావాలంటే బండి మలుపు ఎలా తిరుగుతుందో చూడాలి. రైడర్ మలుపులోకి దిగేటప్పుడు వెనుక చక్రం పట్టు తప్పి బయటికి జారేలా బండిని అడ్డంగా వేస్తాడు. ఆ జారుడే అతనికి స్టీరింగ్, ఒక విధంగా బ్రేకు కూడా. చక్రం ఎంత వేగంగా తిరగాలో, ఎంత జారాలో థ్రోటిల్‌తో నిమిష నిమిషానికీ కాదు, క్షణ క్షణానికీ సరిచేసుకుంటూ ఉంటాడు. నేల అంతటా ఒకేలా ఉన్నంతసేపు, అది బాగా తడిగా ఉన్నా, ఈ లెక్క కుదురుతుంది. ఒకచోట పలచని బురద, రెండు గజాల అవతల నీరు పీల్చుకుని బరువెక్కిన షేల్ ఉంటే మాత్రం లెక్క తప్పుతుంది. బురదలో తేలికగా జారుతున్న చక్రానికి ఆ బరువైన చోట హఠాత్తుగా పట్టు దొరుకుతుంది. అడ్డంగా ఉన్న బండి ఒక్కసారిగా నిటారుగా లేచి, ముందు చక్రం గాలిలోకి లేస్తుండగా, అప్పుడు అది ఎటు చూస్తుందో అటే, అంటే నేరుగా కంచె వైపే, దూసుకుపోతుంది. బ్రేకు లేదు. థ్రోటిల్ మూస్తే జారుడు పోయి బండి మరింత నిటారవుతుంది. పెద్ద పోటీల్లో మలుపుల చుట్టూ గాలి నింపిన మెత్తని కంచెలు పెట్టేది ఇటువంటి క్షణాల కోసమే. వానలో రైడర్లు భయపడేది జారిపడడానికి కాదు. జారిపడడం వారికి రోజూ ఉన్నదే. వారి భయం ఈ అనుకోని పట్టు గురించి.

రెండో ఇబ్బంది చూపు. మోటోజీపీలో ఉన్నట్టు వానకు వేరే టైర్లు ఇక్కడ ఉండవు. వెనుక చక్రం వెనక బురదను అడ్డుకునే రేకును తప్పనిసరి చేసిన తరువాత జల్లు కొంత తగ్గినా, ముందున్న బండి విసిరే తడి షేల్ వెనకవాడి ముఖం మీదే పడుతుంది. మూడో మలుపు దగ్గర కంచెను ఆనుకుని నిలబడితే ఇదంతా స్పష్టంగా కనిపిస్తుంది. రైడర్ గాగుల్స్ మీద పలచని ప్లాస్టిక్ పొరలు ఒకదానిపై ఒకటి అంటించి ఉంటాయి. మలుపుల మధ్య తిన్నని దారిలో ఒక చేయి ఎత్తి పై పొరను లాగి పారేస్తాడు, కానీ వాన రోజు తదుపరి మలుపు చేరేలోపే కొత్త పొర కూడా ఎర్రగా పూసుకుపోతుంది. తెల్ల హెల్మెట్ ఏదో, పసుపు హెల్మెట్ ఏదో రెండో ల్యాపు తరువాత మనకే తెలియదు. పొరలన్నీ అయిపోయినవాడు థ్రోటిల్ తగ్గించి పక్కకు తప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను. అటువంటప్పుడు నా వెనక గ్యాలరీలోంచి వెక్కిరింతలు వినిపిస్తే ఒళ్లు మండుతుంది.

ఈ కారణంగా వాన రోజున పందెం సగానికి పైగా మొదటి మలుపు లోపలే తేలిపోతుంది. స్టార్ట్ గేటుకు అడ్డంగా ఉన్న టేపులు పైకి లేవగానే ముందుకు దూకినవాడికి ఎదురుగా శుభ్రమైన గాలి, మిగిలిన ముగ్గురికీ అతడి చక్రం చిమ్మే బురద. అందుకే స్టార్ట్ గేటు దగ్గర రైడర్లు బూటుతో నేలను గీకుతూ, తడి పొరను పక్కకు నెట్టి, అడుగున పట్టున్న మట్టిని వెతుక్కుంటూ, రిఫరీ ఇచ్చిన రెండు నిమిషాల్లో చివరి క్షణం దాకా తచ్చాడుతుంటారు. చూసేవాళ్లకు అది కాలయాపనలా కనిపిస్తుంది. నా దృష్టిలో ఆ హీట్ మొత్తంలో ఆసక్తికరమైన భాగం అదే, ఎందుకంటే ఆ తరువాత ఒకరినొకరు దాటిపోవడం అరుదు. పిట్స్‌లో మెకానిక్కులు వెనుక స్ప్రాకెట్ మార్చి, ఇగ్నిషన్ టైమింగ్ కాస్త జరిపి, మారుతున్న నేలకు తగినట్టు ఇంజన్ బలాన్ని సర్దడానికి తంటాలు పడుతుంటారు.

వాన ఆగాక ట్రాక్ సిబ్బంది పని మొదలవుతుంది. ట్రాక్టరు వెనక బ్లేడుతో పైనున్న జావను గీకి పక్కకు నెట్టేస్తారు, నీరు నిలిచిన చోట రంపపు పొట్టు చల్లుతారు, బరువైన వాహనాలను చుట్లు తిప్పి నేలను అదుముతారు. ముప్పావుగంట ఓపిక పడితే చాలాసార్లు పందెం జరుగుతుంది.

జరపాలా వద్దా అన్న తుది నిర్ణయం రిఫరీది. రైడర్లు ట్రాక్ మీద నడిచి వచ్చి ఇక కుదరదంటే, వారికి మనసు లేదని జనం అంటారు. నాకు ఆ మాట అన్యాయంగా తోస్తుంది. బ్రిటిష్ లీగుల్లో రైడర్ జీతగాడు కాడు. తన బండ్లు, ఇంజన్లు, మెకానిక్కు ఖర్చులు తానే భరించి, సాధించిన పాయింట్లను బట్టి డబ్బు తీసుకుంటాడు. పోటీ రద్దయితే అతనికి ఆ సాయంత్రం రాబడి పోయినట్టే, అయినా వద్దంటున్నాడంటే ఆ మాటకు విలువ ఇవ్వాలి.

పోలండ్‌లో ఈ వ్యవహారం మరింత ముదిరింది. అక్కడ స్పీడ్‌వే జాతీయ స్థాయి ఆట. బార్తోష్ జ్మార్జ్‌లిక్ వంటి ప్రపంచ చాంపియన్ పెరిగిన నేల. సొంత జట్టు రైడర్లకు అనుకూలించేలా క్లబ్బులు ట్రాక్‌ను ఎక్కువగా తడిపి బరువెక్కిస్తున్నాయన్న ఆరోపణలు అక్కడ పాత సంగతే. అందుకే అక్కడి అగ్రశ్రేణి లీగ్ అయిన ఎక్స్‌ట్రాలీగాలో ట్రాక్ కమిషనర్లను నియమించి నేల తీరును పర్యవేక్షిస్తున్నారు, వాన సూచన ఉంటే ట్రాక్ అంతటికీ టార్పాలిన్లు కప్పుతున్నారు. ఎనిమిది హీట్లు పూర్తయ్యాక పోటీ ఆగిపోతే అప్పటి స్కోరే ఫలితం. ఎనిమిదో హీట్ దగ్గరపడుతుండగా మబ్బు పట్టిందంటే, ఆధిక్యంలో ఉన్న జట్టు తొందరపడుతుంది, వెనకబడిన జట్టు బూట్ల తాళ్లు సర్దుకుంటుంది.

కప్పు ఉన్న స్టేడియంలో ఆడితే సరిపోతుంది కదా అని అడుగుతారు. కార్డిఫ్‌లో 2001 నుంచి చాలా ఏళ్లు కప్పు మూసిన స్టేడియంలో, తాత్కాలికంగా పరిచిన ట్రాక్ మీద ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భాగమైన గ్రాండ్ ప్రీ జరిపి చూపించారు. కానీ 2015లో వార్సా నేషనల్ స్టేడియంలో అలాగే పరిచిన ట్రాక్ గుంతలు పడి, స్టార్ట్ గేటూ మొరాయించి, 12 హీట్లకే పోటీ నిలిచిపోయింది. మాతెయ్ జాగర్‌ను విజేతగా ప్రకటించారు. 2016 మార్చిలో మా గోర్టన్ స్టేడియం ప్రారంభోత్సవ పోటీ కూడా ట్రాక్ పనికిరాదని తేలి ఆ రోజే రద్దయింది. అందువల్ల టికెట్ కొనే ముందు నేను చూసుకునేది వాతావరణ సూచన ఒక్కటే కాదు, ట్రాక్ సిబ్బంది ఆ వారమంతా నేలను ఎలా కాచుకున్నారన్న సంగతి కూడా.