కుంకుమ భరిణెకు ఇత్తడి పొన్ను

రోకలి కొసకు పొన్ను వేసినట్టే, లేత్ మీద తీసిన కొయ్య భరిణె నోటికి ఇత్తడి కట్టు వేస్తే అందానికి అందం, అంచుకు బలం. కానీ తిరుపతిలో కార్తీకం వానల్లో బిగించిన కట్టు రోహిణీ కార్తె ఎండకు ఊడి చేతికొస్తుంది. అందరూ జిగురును తిడతారు. అసలు కదిలేది కొయ్య. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఇత్తడికి ఆ గుణం లేదు.

లెక్క చూడండి. 54 మి.మీ. అడ్డకొలత ఉన్న టేకు ముక్కలో తేమ 4 శాతం తగ్గితే చెట్టు వలయాల వెంబడి సుమారు 0.4 మి.మీ., వాటికి అడ్డంగా 0.2 మి.మీ. ముడుచుకుంటుంది. గుండ్రంగా తీసింది కాస్త కోలగా మారుతుంది. అంతే కొలత ఉన్న ఇత్తడి కట్టు 20 డిగ్రీల వేడి తేడాకు సాగేది 0.02 మి.మీ. మాత్రమే. కాబట్టి కట్టు ఎప్పుడూ కొయ్యకు బయటే ఉండాలి. లోపల తొడిగితే వేసవిలో కొయ్య దాని మీద బిగుసుకుని, పోగు వెంబడి పగిలిపోతుంది. బయట ఉన్నది మహా అయితే వదులవుతుంది, దాన్ని బాగు చేసుకోవచ్చు.

కొయ్యను ముందు ముతకగా తీసి, గోడ మందం అడ్డకొలతలో పదో వంతు ఉండేలా వదిలేయండి. నీడలో పెట్టి వారానికోసారి వంటింటి త్రాసులో తూచండి. వరసగా రెండు వారాలు బరువు మారకపోతే అప్పుడు లేత్ ఎక్కించాలి. ఈ పనికి వానాకాలం కన్నా మార్చి, ఏప్రిల్ నెలలు మేలు. అప్పటికే కొయ్య బాగా ముడుచుకుని ఉంటుంది కాబట్టి ఆ తర్వాత కట్టులోకి ఉబ్బుతుందే గానీ పెద్దగా వదలదు.

కట్టు ముందు, కొయ్య తర్వాత. ఇత్తడికి సరిపడా కొయ్యను చెక్కడం సులువు, కొయ్యకు సరిపడా ఇత్తడిని తీయడం కష్టం. బయట 60, లోపల 54, వెడల్పు 5 మి.మీ. ఉన్న కట్టు బరువు 23 గ్రాములు. దాన్ని 60 మి.మీ. గట్టి కడ్డీ నుంచి తీస్తే 100 గ్రాముల దాకా పొట్టు కిందే పోతుంది. మందపాటి ఇత్తడి గొట్టం దొరికితే అదే కొనండి.

ఇత్తడి కోయడానికి కొయ్య గోరు ఉలి పనికిరాదు. పదును వంపుగా ఉన్న టూల్‌ను ఇత్తడి లోపలికి లాగేసుకుంటుంది, ముక్క దాన్ని పట్టి ఉంచే చక్ నుంచి ఎగిరిపోతుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) స్క్రేపర్, అంటే గీకే ఉలి, పై భాగం చదునుగా గానీ, కొంచెం కిందికి వాలి గానీ ఉండాలి. 60 మి.మీ. కట్టుకు నిమిషానికి 400 చుట్లు చాలు. మూత మీది 12 మి.మీ. గుండీకి 1800 దాకా పోవచ్చు. పొట్టు సూదుల్లా చిమ్ముతుంది కాబట్టి ముఖానికి షీల్డు తప్పనిసరి. మెడలో తువ్వాలు, చేతులకు గ్లవ్స్ ఉండకూడదు.

బండి చక్రానికి ఇనప పట్టాను కాల్చి ఎక్కించినట్టు దీన్ని వేడి చేసి తొడగాలని చూడకండి. పల్చటి గోడ మాడిపోతుంది. కొయ్య మీద కట్టు కూర్చునేలా 53.8 మి.మీ. అడ్డకొలత మెట్టు తీయండి. చుట్టూ 0.1 మి.మీ. సందు జిగురుకు కావాలి. కట్టు లోపలి వైపు హాక్సా బ్లేడుతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టి, అసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాత వేలు పెట్టకండి. మామూలు అరాల్డైట్ (ఎపాక్సీ జిగురు) రెండు ట్యూబులూ సమంగా కలిపి పూసి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. ఐదు నిమిషాల్లో ఆరే రకం దీనికి వద్దు.

ఎర్రచందనంతో చేసేవాళ్లకు ఒక మాట. దాని ఎరుపు నీళ్లలో కరగదు గానీ స్పిరిట్, అసిటోన్ తగిలితే కారుతుంది. పక్కన అంకుడు లాంటి తెల్ల కొయ్య అతికించి ఉంటే మరక పడుతుంది, అది మళ్లీ పోదు. అసిటోన్ గుడ్డ కట్టుకే, కొయ్యకు వద్దు. అటవీ శాఖ కాగితాలు లేని ఎర్రచందనం ముక్క ఎంత చిన్నదైనా ముట్టుకోకండి. తుమ్మ కొయ్యకు ఇనుము అసలు పెట్టకూడదు. అందులోని టానిన్‌కు (వగరు పదార్థానికి) తడి ఇనుము తగిలితే నల్లటి మచ్చ పాకుతుంది.

ఎక్కువ పని చెడేది ఉప్పుకాగితం దగ్గరే. ఇత్తడి పొడి నల్లగా వచ్చి కొయ్య రంధ్రాల్లో కూరుకుంటుంది. అంకుడు మీద అది మసి చెయ్యి పెట్టినట్టే కనబడుతుంది. అందుకే ముందు కొయ్యకు లక్క గానీ, రంధ్రాలు పూడ్చే సీలర్ గానీ రెండు పూతలు వేసి ఆరనివ్వాలి. కట్టును స్క్రేపర్‌తో 0.1 మి.మీ. చొప్పున కొయ్యతో సమం చేసి, కాగితాన్ని చెక్క బిళ్లకు చుట్టి రుద్దండి. ఉత్త వేళ్లతో రుద్దితే కొయ్య అరిగి కట్టు పైకి తేలుతుంది. పొడిని గుడ్డతో తుడవకుండా పెయింట్ బ్రష్‌తో విదిలించండి. కట్టు మీద వేలు మూడు సెకన్లు నిలవకపోతే లేత్ ఆపేయాలి. ఆ వేడికి అరాల్డైట్ మెత్తబడుతుంది. వదులైన పాత కట్టును తీయాలన్నా అదే దారి: హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది.

వేసవిలో చేసే భరిణె మూతకు 0.5 మి.మీ. సందు వదలండి. బిర్రుగా పెడితే నవంబరులో మూత రాదు.

భరిణె ఇచ్చేటప్పుడు ఒక్కటి మాత్రం చెప్పి ఇవ్వండి. శుక్రవారం పూజ సామాన్లతో పాటు దీన్నీ చింతపండుతో తోమేస్తారు. ఆ పులుసు కట్టు కింద సందులోకి దిగి లక్కను లేపేస్తుంది. పొడి గుడ్డ, చిటికెడు విభూతి చాలు.