ఫియెస్టా రెడ్ మీద తెల్ల మబ్బు: నాలుగో ప్రయత్నం

నేను రంగేస్తున్న ఎలక్ట్రిక్ గిటార్ బాడీ మళ్ళీ తెల్లబడింది. ఈసారి ఖాయం అనుకుని డాబా మీద బట్టల దండేనికి బాడీ వేలాడదీసి, క్లియర్ (రంగు మీద కొట్టే పారదర్శక లాకర్) కొట్టి, స్ప్రే గన్ కడుక్కుని వచ్చి చూస్తే కింది కొమ్ము (గిటార్ మెడ పక్కన పొడుచుకొచ్చే భాగం) లోపలి వంపులో పలచటి మజ్జిగ పూసినట్టు అదే మబ్బు. దండెం మీంచి బట్టలు తీసుకెళ్తూ అమ్మ, "ఏట్రా, ఒక్క చెక్కముక్కకి ఇన్ని స్నానాలా?" అంది.

మిగతాదంతా బాగానే కుదిరింది. పాత నల్ల పాలియెస్టర్ పూత హీట్ గన్‌కి ఒక్క పూటలో పెచ్చులుగా ఊడొచ్చింది. సీలర్, లప్పం, ప్రైమర్, రంగు దేనికీ పేచీ లేదు. ఫెండర్ అప్పట్లో గిటార్లకి కార్ల రంగులే వాడేది. ఫియెస్టా రెడ్ 1956 ఫోర్డ్ థండర్‌బర్డ్‌ది. కార్ల రంగులు కలిపే షాపులో ఎన్‌సీలో (నైట్రోసెల్యులోజ్ లాకర్) కలిపించాను. కాస్త నారింజ ఎక్కువైంది గానీ నాకదే నచ్చింది.

గొడవంతా క్లియర్ దగ్గరే. మొదటిసారి ఆఫీసు నుంచి రాగానే, సాయంత్రం 6కి కొట్టాను. వైజాగ్‌లో సెప్టెంబరు: 29 డిగ్రీలు, తేమ 84 శాతం. రెండు నిమిషాల్లో బాడీ మొత్తం పాలిపోయింది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు చెక్క పైభాగం చల్లబడుతుంది కదా. ఆ వేడికీ తేమకీ గాలిలోని నీరు పట్టడానికి పైభాగం 26కి దిగితే చాలు, అంటే చేతిలో ఉన్నది మూడే డిగ్రీలు. ఇది కొట్టకముందే వేసుకోవాల్సిన లెక్క.

రెండోసారి థిన్నర్‌లో 10 శాతం రిటార్డర్ (మెల్లగా ఆరే థిన్నర్) కలిపాను. (రెండు షాపుల్లో అడిగితే "మామూలు థిన్నరే పోసుకోండి సార్" అన్నారు. లూజుగా అమ్మే థిన్నర్ నా దృష్టిలో గన్ కడగడానికే.) ముందూ వెనకా అద్దంలా వచ్చాయి. కొమ్ము వంపులో మాత్రం రూపాయి బిళ్ళంత మచ్చ మిగిలింది. అక్కడ లాకర్ చేరి మందంగా నిలుస్తుంది, అందుకే ఆరడం ఆలస్యమై తేమ పట్టిందని నా ఊహ.

మూడోసారి చేసింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చెక్కలో తేమ పోతుందని బాడీని రాత్రంతా ఏసీ గదిలో ఉంచి, పొద్దున్నే నేరుగా డాబా మీదికి తెచ్చి కొట్టాను. ఏసీ కారు దిగగానే కళ్ళజోడు మసకబారదూ? అదే జరిగింది. 24 డిగ్రీల చెక్క మీద గన్ నొక్కకముందే కంటికి కనపడని చెమట పట్టింది. దాని మీద మూడు కోట్లు వరసగా కొట్టాను.

నిన్న నాలుగోసారి. బాడీని గంటసేపు బయటే నీడలో ఉంచి, మధ్యాహ్నం 12:30కి మొదలుపెట్టాను. 33 డిగ్రీలు, 62 శాతం. ఇప్పుడు ఎనిమిది డిగ్రీల వెసులుబాటు ఉంది. పలచటి కోట్లు, మధ్యలో 20 నిమిషాలు. రెండున్నరకి సముద్రం గాలి మళ్ళి తేమ మీటరు 71 శాతం చూపించగానే ఆపేశాను. అంతా మెరుస్తోంది, ఆ వంపు తప్ప.

అక్కడ ఉత్త రిటార్డర్ పొగలా కొడితే మబ్బు మాయమైంది, పావుగంటలో తిరిగొచ్చింది. 800 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం) పై కోటు తీసేశాను, మచ్చ చెక్కుచెదరలేదు. అంటే నిన్నటి తేమ కాదు, మూడోసారి మింగిందే అడుగున ఉండిపోయింది. రిటార్డర్ అంత లోతుకి దిగట్లేదనుకుంటా. కాకపోతే రంగు మీదే నీళ్ళు నిలిచాయేమో. అదే నిజమైతే రంగు కూడా గీకాలి.

మా కార్పెంటర్ "పీయూ కొట్టెయ్యండి సార్" అంటున్నాడు. పీయూ అంటే పాలియురెథేన్. దాని హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, గుడ్డ మాస్కుతో ఆ పని నేను చెయ్యను. పైగా ఎన్‌సీలో కొత్త కోటు పాత కోటుని కరిగించి కలిసిపోతుంది, రేపు గీత పడ్డా అతుకు తెలియదు. పూతని బట్టి టోన్ (గిటార్ నాదం) మారుతుందనే మాట మాత్రం ఎలక్ట్రిక్ గిటార్ విషయంలో నేను నమ్మను.

వచ్చే ఆదివారం ఆ వంపు ఒక్కటే రంగు దాకా దించి, 12:30 నుంచి రెండింటిలోపు మూడు కోట్లు. తర్వాత నాలుగు వారాలు ముట్టుకోను. రబ్బరు స్టాండు మీద పెడితే ఎన్‌సీకి అంటుకుపోతుంది కాబట్టి మేకుకి వేలాడుతుంది. ఈలోగా పిక్‌గార్డ్ (తీగల కింద బాడీకి బిగించే ప్లాస్టిక్ పలక) రంగు తేల్చుకోవాలి. తెలుపు కొన్నాను గానీ ఈ ఎరుపు పక్కన మింట్ గ్రీనే బావుంటుందనిపిస్తోంది. వాల్యూమ్, టోన్ తిప్పే పాట్లు కూడా గరగరమంటున్నాయి, 250 కిలోఓమ్‌లవి కొత్తవి తెప్పిస్తున్నాను.